వృత్తి ఒకటే, వంశాలు వేరు: లైకెన్ శిలీంధ్రాలను వర్గీకరించడం ఎలా?

(నల్లగొండలో డిగ్రీ వృక్షశాస్త్ర విద్యార్థులకు, అధ్యాపకులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లతీఫ్‌సాబ్ గుట్ట ఎక్కండి, కాపురాల గుట్ట ఎక్కండి, కాలి కింద బండ ఒక్క రంగులో ఉండదు. బూడిద మచ్చలు, పసుపు మచ్చలు, నారింజ చుక్కలు, పైనుంచి కిందికి జారిన నల్ల చారలు. ఇవేంటి అని అడిగితే మనకాడ అన్నింటికీ ఒకటే జవాబు: పాచి. ఆ ఒక్క మాట కింద నాలుగైదు రకాల జీవులు దాక్కున్నాయి. ముందు వాటిని విడదీయకపోతే వర్గీకరణ గురించి ఎంత మాట్లాడినా దండగే.

పెద్ద గుండ్ల మీద వాననీళ్లు జారే దారిలో కనిపించే నల్ల చారలు ఎక్కువ భాగం లైకెన్లు కావు. అవి సయనోబాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియా పొరలు. తడిపి గోటితో గీస్తే జిగటగా అంటుకుంటాయి తప్ప పెచ్చుగా లేవవు. వానకాలంలో చెట్ల మొదళ్ల మీద, పాత గోడల మీద నారింజ రంగు మఖమల్‌లా కనిపించేది చాలాసార్లు ట్రెంటెపోలియా అనే శైవలం. పేరుకు ఆకుపచ్చ శైవలమే, కానీ కెరొటినాయిడ్ల వల్ల రంగు అట్లా మారిపోతుంది. వేలితో రుద్దితే పొడి అంటుతుంది, సూక్ష్మదర్శినిలో ఒట్టి పోగులే ఉంటాయి. చిక్కేమిటంటే ఇదే ట్రెంటెపోలియా కొన్ని లైకెన్ల లోపల భాగస్వామిగా కూడా ఉంటుంది. ఇక సున్నపు మరకలు, పిట్టల రెట్టలు. వీటికి స్ప్రే సీసాలో నీళ్లు చాలు. లైకెన్ అయితే ఒకటి రెండు నిమిషాల్లో రంగు ముదురుతుంది, చాలావాటిలో లోపలి పచ్చదనం పైకి తేలుతుంది. సున్నానికి ఆ మార్పు రాదు.

అసలు రుజువు మాత్రం బ్లేడుతో కోసిన నిలువు ముక్కలోనే ఉంటుంది. పైన శిలీంధ్ర పోగులు దట్టంగా అల్లుకున్న తొక్క, దాని కింద సన్నటి పచ్చటి శైవల పొర, దాని కింద దూదిలాంటి తెల్లటి దవ్వ. ఆకులాంటి రకాలు చాలావాటికి అడుగున ఇంకో తొక్క కూడా ఉంటుంది. పెచ్చులాంటి రకాలకు అడుగు తొక్క ఉండదు, దవ్వే నేరుగా రాతిలోకి దిగుతుంది. అందుకే వాటిని రాయితో సహా తప్ప లేపలేం.

ఇప్పుడు పేరు సంగతి. డిగ్రీ పిల్లలను లైకెన్ అంటే ఏమిటని అడిగితే శిలీంధ్రం, శైవలం కలిసి బతికేది అంటారు. సరే. మరి పార్మోట్రిమా అనే లైకెన్ పేరు ఎవరిది? ఇద్దరిదీ అంటారు. తప్పు. నామకరణ నియమావళి ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికి మాత్రమే చెందుతుంది. లోపలి శైవలానికి దాని పేరు దానికుంది, ట్రెబౌక్సియా అనో, ట్రెంటెపోలియా అనో, నాస్టాక్ అనో. రెంటి కలయికకు, అంటే మనం చేత్తో పట్టుకునే థాలస్‌కు, శాస్త్రంలో విడిగా పేరే లేదు.

ఈ నియమం ఊరికే పెట్టింది కాదు. స్టిక్టా ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, జీనస్) కొన్ని శిలీంధ్రాలు ఆకుపచ్చ శైవలంతో కలిస్తే వెడల్పాటి ఆకులా పెరుగుతాయి, అదే శిలీంధ్రం సయనోబాక్టీరియాతో కలిస్తే చిన్న పొదలా కొమ్మలు వేస్తుంది. రెండు రూపాలూ ఒక్కోసారి ఒకదానికొకటి అతుక్కునే పెరుగుతాయి. పొదలా ఉన్నదానికి డెండ్రిస్కోకాలన్ అని వేరే ప్రజాతి పేరే పెట్టి చాలాకాలం వాడారు. కలయికకు పేరు పెడితే ఒకే శిలీంధ్రం రెండు ప్రజాతుల్లోకి పోతుంది. శిలీంధ్రానికి పెడితే ఆ గొడవ లేదు.

కాబట్టి ఇవాళ నేను చెప్పబోయేదంతా ఒక్క వాక్యంలో పట్టుకోండి. లైకెన్ అనేది ఇంటిపేరు కాదు, వృత్తి. వ్యవసాయం చేసేవాళ్లందరికీ ఒకటే ఇంటిపేరు ఉండదు కదా. అట్లాగే శైవలాన్ని పెట్టుకుని బతికే శిలీంధ్రాలన్నీ ఒక వంశం కాదు. వేర్వేరు వంశాలు వేర్వేరు కాలాల్లో ఆ పనికి దిగాయి. 1995లో సైన్స్ పత్రికలో వచ్చిన డీఎన్ఏ పరిశోధన, లైకెన్ జీవనం కనీసం అయిదుసార్లు విడివిడిగా పుట్టిందని తేల్చింది. 2001లో నేచర్‌లో వచ్చిన మరో పరిశోధన ఇంకో మాట అన్నది: కొన్ని వంశాలు ఈ పనిలోకి వచ్చి, తర్వాత మానేశాయి కూడా. పెన్సిలియం, ఆస్పర్‌జిల్లస్‌ల పూర్వీకులు లైకెన్ శిలీంధ్రాలేనని వాళ్ల లెక్క. దాని మీద తర్వాత వాదాలు జరిగాయి. ఏమైనా రొట్టె మీది బూజుకీ బండ మీది పెచ్చుకీ చుట్టరికం ఉందన్నది మాత్రం నిజం, అది ఎంత దగ్గరిదన్నదే చర్చ.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను. లిన్నేయస్ 1753లో వీటన్నిటినీ లైకెన్ అనే ఒకే ప్రజాతిలో వేసి, శైవలాల వరుసలో కూర్చోబెట్టాడు. అప్పటికి ఆయన లెక్కలో ఉన్నవి 80 జాతుల దాకా. ఆయన శిష్యుడు ఎరిక్ అకారియస్ 1803, 1810 సంవత్సరాల్లో అచ్చయిన గ్రంథాల్లో వాటిని అనేక ప్రజాతులుగా విడగొట్టాడు. మీరు పరీక్షల్లో రాసే థాలస్, అపోథీసియం, సోరీడియం లాంటి మాటలను లైకెన్లకు స్థిరపరిచింది ఆయనే. 1860ల చివర సైమన్ ష్వెండెనర్ ఇవి రెండు జీవుల కలయిక అని ప్రకటించాడు. ఆనాటి లైకెన్ పండితులు మండిపడ్డారు. అందరికన్నా గట్టిగా ఎదిరించింది విలియం నైలాండర్. 1899లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు. విచిత్రం చూడండి, 1866లో రంగు పరీక్షలను ప్రవేశపెట్టింది ఈ నైలాండరే. ఆయన ఒప్పుకోని సిద్ధాంతాన్ని నమ్మే మనమంతా ఇవాళ ఆయన పరీక్షలే చేస్తున్నాం. ఆ తర్వాత కూడా చాలాకాలం లైకెన్లకు ఒక వర్గీకరణ, మిగతా శిలీంధ్రాలకు ఇంకో వర్గీకరణ పక్కపక్కన నడిచాయి. 1952లో స్వీడన్ శాస్త్రవేత్త రోల్ఫ్ సాంటెసన్ ఆకుల మీద పెరిగే లైకెన్ల అధ్యయనంలో రెంటినీ ఒకే చెట్టు కిందికి తెచ్చి చూపించాడు.

ఇక లెక్కలు. 2016లో ప్రపంచవ్యాప్త వర్గీకరణ ఒకటి వచ్చింది. దాని ప్రకారం లైకెన్ శిలీంధ్రాలు 19,387 జాతులు, 995 ప్రజాతులు, 115 కుటుంబాలు, 39 క్రమాలు, 8 తరగతులు. వీటిలో దాదాపు 99 శాతం బీజాలను సంచుల్లో పెంచే ఏస్కోమైకోటా విభాగంలోనే ఉన్నాయి. పుట్టగొడుగుల విభాగమైన బసిడియోమైకోటాకు దక్కింది 200 లోపే. అన్నిటికన్నా పెద్ద కుటుంబం పార్మీలియేసీ, 2,700 పైచిలుకు జాతులు. తర్వాత గ్రాఫిడేసీ, 2,100కు పైగా. ఒక్క జాంథోపార్మీలియా ప్రజాతిలోనే 800కు పైగా జాతులున్నాయి.

మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసింది లక్నో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ధరణీధర్ అవస్థి. 1988లో పెద్ద లైకెన్లకు, 1991లో చిన్న లైకెన్లకు ఆయన ఇచ్చిన గుర్తింపు పట్టికలే ఇవాళ్టికీ మనకు మొదటి ఆధారం. పేర్లు చాలా మారిపోయాయి, లక్షణాలు మారలేదు. పట్టికతో పేరు పట్టుకుని, ఆ పేరు ఇప్పుడు ఏమైందో తర్వాత చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. పాఠ్యపుస్తకంలో లైకెన్లు మూడు రకాలని ఉంటుంది: పెచ్చులాంటివి, ఆకులాంటివి, పొదలాంటివి. క్రస్టోస్, ఫోలియోస్, ఫ్రూటికోస్. అది వర్గీకరణ కాదు. మనుషులను పొడుగువాళ్లు, పొట్టివాళ్లు, లావుపాటివాళ్లు అని విడదీసినట్టు. బయట ఏరేటప్పుడు పనికొస్తుంది, చుట్టరికం మాత్రం చెప్పదు.

రెండు ఉదాహరణలు మీ దగ్గర పెడతాను. ఎండ తగిలే గ్రానైట్ బండ మీద, నీళ్లు కాసేపు జారి ఆరిపోయే చోట, గోధుమ రంగు పొలుసులు వెతకండి. ఒక్కోటి గింజంత ఉంటుంది. అవి పెల్టులా కావచ్చు, అకరోస్పోరా కావచ్చు. రెండూ గోధుమ రంగే, రెండూ పొలుసులే, రెండూ రాతి మీదే. ఇంకో పోలిక కూడా ఉంది. మామూలుగా ఏస్కస్ సంచిలో 8 సిద్ధబీజాలుంటాయి. ఈ రెంటిలోనూ వందకు పైగా చిన్నచిన్న బీజాలు కుక్కి ఉంటాయి. ఇన్ని పోలికలున్నాక ఒకే కుటుంబం అనుకోవడం సహజం. కోసి చూస్తే పెల్టులా లోపల సయనోబాక్టీరియా నీలి ఆకుపచ్చగా ఉంటుంది, అకరోస్పోరాలో గడ్డిపచ్చని ఆకుపచ్చ శైవలం ఉంటుంది. పెల్టులా పొలుసు చాలాసార్లు మధ్యలో ఒకే బొడ్డుతో రాతిని పట్టుకుంటుంది. పెల్టులా లిచినోమైసిటీస్ తరగతిది, అకరోస్పోరా లెకనోరోమైసిటీస్‌ది. కుటుంబం కాదు, క్రమం కాదు, ఏకంగా తరగతే వేరు.

రెండోది పొడి లైకెన్లు. చెట్టు బెరడు మీద, గుండ్ల నీడలో పసుపు పొడి చల్లినట్టు ఉంటే క్రిసోథ్రిక్స్ కావచ్చు. బూడిద రంగులో, లేత పచ్చగా పొడిలా ఉంటే లెప్రేరియా కావచ్చు. రెంటికీ తొక్క లేదు. లెప్రేరియాలో ఫలాంగాలు, అంటే బీజాలు పుట్టే భాగాలు, ఎన్నడూ కనబడలేదు, క్రిసోథ్రిక్స్‌లో అరుదు. పాత పుస్తకాలు వీటిని అసంపూర్ణ లైకెన్లని ఒక గంపలో వేసి వదిలేశాయి. డీఎన్ఏ వచ్చాక క్రిసోథ్రిక్స్ ఆర్థోనియోమైసిటీస్‌కు పోయింది. లెప్రేరియా చుట్టరికం పొదలా నిలబడే స్టీరియోకాలాన్‌తో అని తేలింది. ఒకరు పొడి, ఒకరు పొద, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు.

అయితే వంశం దేన్ని బట్టి తెలుస్తుంది? ముందు ఫలాంగం. అపోథీసియం గిన్నెలా, పళ్లెంలా తెరుచుకుని ఉంటుంది. పెరిథీసియం కుండలా మూసుకుని, మూతి దగ్గర చిన్న రంధ్రం మాత్రమే కనిపిస్తుంది. లైరెల్లా పిల్లల పిచ్చిగీతల్లా పొడుగ్గా సాగుతుంది, గ్రాఫిస్ ప్రజాతికి ఆ పేరు వచ్చింది అందుకే. అపోథీసియం అంచు కూడా చూడాలి. అంచు థాలస్ రంగులోనే ఉండి లోపల శైవలం ఉంటే లెకనోరా తరహా. అంచు పళ్లెం రంగులోనే ఉండి శైవలం లేకపోతే లెసిడియా తరహా.

తర్వాత బీజాలు. ఎన్ని గదులు, అడ్డగోడలు మాత్రమేనా, నిలువుగోడలూ ఉన్నాయా, రంగుందా లేదా. కలోప్లాకా బంధువుల్లో రెండు గదుల మధ్య మందమైన గోడ, ఆ గోడలో సన్నటి సొరంగం ఉంటుంది. బండల మీద నారింజ చుక్కలు దొరికితే ఆ బీజం కోసమే వెతకండి. ఆ నారింజ రంగు ఎక్కువగా పారియెటిన్ అనే పదార్థానిది, కాస్టిక్ పొటాష్ చుక్క పడగానే ఎర్రటి ఊదాగా మారుతుంది. ఒకప్పుడు కలోప్లాకా ఒకే పెద్ద ప్రజాతి. 2013లో డీఎన్ఏ ఆధారంగా దాన్ని చాలా ప్రజాతులుగా చీల్చారు. అందుకే చుక్క ఊదాగా మారగానే కలోప్లాకా అని రాయకండి, టెలోస్కిస్టేసీ కుటుంబం అని రాసి ఆగండి.

రాయి కూడా సగం జవాబు చెప్తుంది. హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపు పోతే సున్నపురాయి, ఇక్కడ గ్రానైట్, నల్లమల అంచున క్వార్ట్‌జైట్. సున్నపురాతిని ఇష్టపడే జాతులు గ్రానైట్ మీద దాదాపు రావు. సున్నపురాతి మీద థాలస్ ఏమీ కనబడకుండా గుండుసూది తలంత నల్లచుక్కలు, వాటి కింద గుంతలు ఉంటే వెర్రుకేరియా బంధువులను అనుమానించండి. థాలస్ రాతి లోపలే బతుకుతుంది, పెరిథీసియాలు రాలిపోయాక గుంతలు మిగులుతాయి. అవి యూరోషియోమైసిటీస్ తరగతివి, ఇందాక చెప్పిన పెన్సిలియం ఉన్న తరగతే. గ్రానైట్ గుట్ట మీద సున్నపురాతి లైకెన్ దొరికిందంటే ముందు అక్కడ పాత గచ్చు, సిమెంటు ఏమన్నా ఉందేమో చూడండి. చాలాసార్లు అదే ఉంటుంది.

ఇక చేతిపని. దీనికి ఎక్కువ సేపు తీసుకుంటాను, ఎందుకంటే తప్పు పేర్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

ఏరడానికి వానలు వెలిసిన తర్వాతి కాలం మంచిది. ఎండాకాలం మధ్యాహ్నం ఆకులాంటి రకాలను ముట్టుకుంటే అప్పడంలా పొడైపోతాయి. తప్పనిసరైతే నీళ్లు చల్లి అయిదు నిమిషాలు ఆగి, మెత్తబడ్డాక కత్తి మొనతో లేపండి. పెచ్చు రకాలకు సుత్తి, ఉలి కావాలి. ఉలిని నిలువుగా పెట్టి కొడితే పెచ్చే పగులుతుంది. బండ అంచు చూసుకుని ఏటవాలుగా పెట్టాలి. కళ్లద్దాలు లేకుండా కొట్టొద్దు, గ్రానైట్ రవ్వ కంట్లో పడితే సరదా కాదు. రూపాయి బిళ్లంత ముక్క చాలు. ఒక్కటే మచ్చ ఉంటే ఫొటో తీసి వదిలేయండి. పెచ్చు రకాలు ఏడాదికి మిల్లీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి, అరచేయంత మచ్చ వయసెంతో మీరే లెక్కేసుకోండి. రక్షిత కట్టడాల రాళ్లను ముట్టుకోకూడదు. అమ్రాబాద్ అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. కొల్లాపూర్ వైపు మామిడితోటల్లో రైతును అడిగితే కాదనరు, పాత మామిడి బెరడు మంచి వెతుకుడు స్థలం.

కాగితం కవరే వాడాలి. పాలిథిన్‌లో వేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆ బూజూ శిలీంధ్రమే, తర్వాత డీఎన్ఏ తీస్తే దాని డీఎన్ఏ వస్తుంది. కవరు మీద తేదీ, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, ఆధారం రాయాలి. ఆధారం అంటే ఒట్టి చెట్టు అని కాదు, మామిడా చింతా ఇప్పా, కాండమా కొమ్మా. రాయి అయితే ఏ రాయి, ఎండలోనా నీడలోనా, ఏ దిక్కు ముఖం. నీడన ఆరబెట్టి, పురుగు పట్టకుండా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచి, అప్పుడు బీరువాలో పెట్టండి.

రసాయనాలు మూడు చాలు. మొదటిది కె: 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్, 100 మిల్లీలీటర్ల నీళ్లు, ప్లాస్టిక్ సీసాలో. గాలి తగిలితే బలం తగ్గుతుంది కాబట్టి చిన్న సీసాలో కొద్దిగానే చేసుకోండి. రెండోది సి: సోడియం హైపోక్లోరైట్, అంటే ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణమే. దీనికి ఆయుష్షు తక్కువ. క్లోరిన్ వాసన పోయిందంటే పనికిరాదు. మూడోది అయోడిన్: అర గ్రాము అయోడిన్, గ్రామున్నర పొటాషియం అయోడైడ్, 100 మిల్లీలీటర్ల నీళ్లు. ముందు అయోడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి అందులో అయోడిన్ వేయాలి. నేరుగా నీళ్లలో వేస్తే అడుగున కూర్చుంటుంది, కరగదు. నాలుగోది పి అని ఉంది, పారా ఫినిలీన్ డైఅమీన్. అది విషం, చర్మానికీ మంచిది కాదు, తగిలిన చోటల్లా నల్ల మరకలు వదులుతుంది. కాలేజీల్లో పిల్లల చేత అది చేయించొద్దు, నా మాట వినండి.

చుక్క వేసే పద్ధతి చూడండి. బ్లేడుతో పై తొక్క కొంచెం గీకి తెల్ల దవ్వ బయటపెట్టండి. సన్నటి గాజు గొట్టంతో తొక్క మీద ఒక చుక్క, విడిగా దవ్వ మీద ఒక చుక్క. లెన్స్ కింద చూస్తూ వేయాలి, ఎందుకంటే సి తో వచ్చే ఎరుపు కొన్నిటిలో క్షణాల్లో మాయమవుతుంది. చుక్క వేసి పక్కవాళ్లతో మాట్లాడి తిరిగి చూస్తే ఏమీ ఉండదు, ప్రతిచర్య లేదని రాస్తారు. కె తో పసుపు వచ్చిందంటే ఆగొద్దు, రెండు మూడు నిమిషాలు చూడండి. పసుపుగానే నిలిస్తే అది అట్రనోరిన్ లాంటిది కావచ్చు. పసుపు మెల్లగా నెత్తురు ఎరుపులోకి దిగితే సలాజినిక్ ఆమ్లమో నార్‌స్టిక్టిక్ ఆమ్లమో. ఈ రెండు నిమిషాల ఓపిక లేక జాతి మారిపోయిన నమూనాలు బీరువాల నిండా ఉంటాయి. ఒకే గొట్టం కె లో, సి లో ముంచితే రెండు సీసాలూ పాడవుతాయి. ఇంకొకటి, ఏ రంగూ రాకపోతే లైకెన్‌ను తప్పుపట్టేముందు ద్రావణాన్ని పరీక్షించండి. సి కి పార్మోట్రిమా టింక్టోరమ్ ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి, దాని దవ్వ లెకనోరిక్ ఆమ్లం వల్ల ఎర్రబడాలి. ఎర్రబడకపోతే సీసా పారబోయండి.

కరెన్సీ నోట్లు చూసే అతినీలలోహిత దీపం, 365 నానోమీటర్లది, చవకైన మంచి పనిముట్టు. మైదానాల్లో మామిడి బెరడు మీద బూడిద రంగు ఆకు లైకెన్లు మూడు తరచూ తికమక పెడతాయి: పిక్సినె, డిరినేరియా, ఫిస్కియా. చీకటిగదిలో దీపం వేస్తే పిక్సినె కొకోయెస్ లైకెక్సాంథోన్ వల్ల పసుపుగా వెలుగుతుంది. వెలగనివాటిని తిప్పి చూడండి. అడుగున వేళ్లలాంటి రైజీన్లు లేకుండా బెరడుకు అతుక్కుపోయి ఉంటే డిరినేరియా, లేత రంగు అడుగు, రైజీన్లు ఉంటే ఫిస్కియా. పాత పుస్తకాల్లో మూడూ ఫిస్కియేసీలోనే ఉంటాయి. ఇప్పుడు మొదటి రెండూ కాలిసియేసీకి మారాయి, కాబట్టి పాత పట్టికతో పనిచేసేవాళ్లు కుటుంబం పేరు దగ్గర జాగ్రత్త.

సూక్ష్మదర్శిని కింద: అపోథీసియాన్ని తడిపి, కొత్త బ్లేడుతో నిలువుగా పలుచటి కోతలు పది కోస్తే రెండు పనికొస్తాయి. ముందు నీళ్లలో చూసి రంగులు, కొలతలు రాసుకోండి. తర్వాతే కవరుగాజు అంచు నుంచి కె వదలండి. కె ముందే వేస్తే కణజాలం ఉబ్బుతుంది, కొన్ని రంగులు కరిగిపోతాయి, ఆ కొలతలు పుస్తకంతో కలవవు. అయోడిన్ పరీక్షలో కె వేసి కడిగి చూసినదానికీ, నేరుగా చూసినదానికీ ఫలితం వేరుగా రావచ్చు. ఏది చేశారో రాయకపోతే ఆ పరీక్ష చేయనట్టే. బీజాలు కనీసం పది, వీలైతే ఇరవై కొలవండి. సంచిలోంచి బయటపడ్డ, నిండుగా పక్వమైనవే కొలవాలి. లేత బీజానికి గోడలు ఇంకా పడవు, దాన్ని చూసి ఒకే గది అని రాస్తే ప్రజాతే మారుతుంది.

రసాయనం ఎంతవరకు నమ్మాలన్నది న్యాయమైన అనుమానం. జాంథోపార్మీలియా కథే చూడండి. పార్మీలియా అనే పెద్ద ప్రజాతిలోంచి, అస్నిక్ ఆమ్లం వల్ల పసుపుపచ్చగా ఉండేవాటిని 1974లో మేసన్ హేల్ ప్రజాతిగా నిలబెట్టాడు. అచ్చం అలాగే ఉండి అస్నిక్ ఆమ్లం లేక గోధుమ రంగులో ఉండేవాటికి నియోఫస్కేలియా అని వేరే ప్రజాతి అయింది. 2004లో డీఎన్ఏ చూస్తే గోధుమవి పసుపువాటి మధ్యలోంచే వచ్చాయి. మళ్లీ కలిపేశారు. రంగు పోవడం వంశం మారడం కాదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కోరా. దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే బసిడియోమైసిటీ లైకెన్. చాలాకాలం దాన్ని ఒకటే జాతి అనుకున్నారు. 2014లో డీఎన్ఏ చూస్తే 126 జాతులు తేలాయి, మొత్తం 400 దాటవచ్చని అంచనా వేశారు.

డీఎన్ఏ పని చేయించాలనుకునే అధ్యాపకులకు రెండు మాటలు. శిలీంధ్రాలకు బార్‌కోడ్‌గా 2012 నుంచి ఐటీఎస్ అనే డీఎన్ఏ ప్రాంతాన్ని వాడుతున్నాం. థాలస్ మొత్తం రుబ్బి పంపొద్దు. దానిమీద, దానిలో బతికే ఇతర శిలీంధ్రాలుంటాయి, ఒక్కోసారి వాటి డీఎన్ఏ వరుసే బలంగా వస్తుంది. శుభ్రమైన అపోథీసియం ఒకటి, లేదా లేత అంచు ముక్క లెన్స్ కింద తీయండి. నమూనా ఎంత కొత్తదైతే అంత మంచిది. డేటాబేస్‌లో మొదట వచ్చిన పేరు దించేయకండి, అక్కడ తప్పు పేర్లతో పెట్టిన వరుసలు చాలా ఉన్నాయి. కోసి చూసిన ముక్కతో కలవని డీఎన్ఏ పేరును నమ్మకండి.

(బిర్యానీలో వేసే రాతిపువ్వు ఏ జాతి అని సభలోంచి ప్రశ్న.)

ఒక జాతి కాదు, అదే దాని తమాషా. కిరాణాకొట్టు పొట్లంలో పార్మోట్రిమా పెర్లేటమ్, ఇంకా ఇతర పార్మోట్రిమాలు, హైపోట్రకైనా సిర్రేటా కలిసి ఉంటాయి. మనకాడ ఏరినవి కావు, హిమాలయాల నుంచి, పడమటి కనుమల నుంచి వస్తాయి. పిల్లలకు మొదటి ప్రాక్టికల్ దానితోనే చేయించండి, ఖర్చు లేదు, అడవిని ముట్టుకోనక్కరలేదు. నీళ్లలో నానబెట్టి విడదీయండి. సన్నని పట్టీల్లా చీలి, అంచుకు నల్ల వెంట్రుకలుంటే హైపోట్రకైనా. దవ్వ మీద కె వేస్తే పసుపు, తర్వాత ఎరుపు. వెడల్పు ఆకులు, అంచున పొడి గుట్టలుంటే పెర్లేటమ్ కావచ్చు, కె తో పసుపు వస్తుంది కానీ నెత్తురు ఎరుపు రాదు. ఈ హైపోట్రకైనా 2013 దాకా ఎవర్నియాస్ట్రమ్ పేరుతో ఉండేది, అవస్థి పట్టికలో ఆ పాత పేరే చూడాలి. అన్నట్టు, క్వారీల పక్కన, రోడ్ల పక్కన పెరిగేవాటిని ఏరి కూరలో వేయకండి. లైకెన్ గాలిలోని దుమ్మునీ లోహాలనీ పీల్చి దాచుకుంటుంది.

(పానగల్లు గుడుల రాళ్ల మీది లైకెన్లను గీకి శుభ్రం చేయవచ్చా అని ఇంకో ప్రశ్న.)

చేయకూడదు. ఇనుప బ్రష్షుతో గీకితే పైది పోతుంది, పోగులు రాతిలో కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటాయి, అవి మళ్లీ పెరుగుతాయి. గీకుడుకు శిల్పం మొహం మాత్రం తిరిగి పెరగదు. యాసిడ్ ఇంకా చేటు. లైకెన్ రాతికి హాని చేయదని నేననడం లేదు, ఆగ్జాలిక్ ఆమ్లంతో ఖనిజాలను కరిగిస్తుంది. కానీ ఏది తీయాలో, ఏది వదలాలో తేల్చాల్సింది పురావస్తు శాఖ నిపుణులు. మన పని ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి, ఏ రాయి మీద ఏ రకం ఉందో రాసి ఇవ్వడం.

(ఫలాంగాలు లేని నమూనాకు ఏం పేరు రాయాలి?)

మీ పాకెట్లలో సగం అలాంటివే ఉంటాయి, కంగారు పడకండి. ముందు అంచుల్లో, పగుళ్లలో లెన్స్‌తో మళ్లీ వెతకండి, లేత అపోథీసియాలు అక్కడ దాక్కుంటాయి. సోరీడియాలా ఇసీడియాలా చూడండి. గీకితే పొడి రాలితే సోరీడియా, తొక్క ఉన్న చిన్న కణుపుల్లా ఉంటే ఇసీడియా. ఆకు రకాల్లో అది, కె, సి, దీపం కలిపి చాలాసార్లు జాతి దాకా పోవచ్చు. పెచ్చు రకాల్లో ఫలాంగం లేకపోతే ప్రజాతి దగ్గర ఆగండి, అదీ కుదరకపోతే కుటుంబం దగ్గర ఆగండి. పేరు చీటీ విడిగా పెట్టి, పెన్సిల్‌తో రాసి, తేదీ వేయండి. తర్వాత ఎవరైనా పేరు మారిస్తే పాత చీటీ తీసేయకుండా దాని పక్కన కొత్తది పెట్టాలి. ఇప్పుడు బల్లల దగ్గరికి రండి. ఒక్కో బల్లకు రాతిపువ్వు పొట్లం ఒకటి, కె సీసా ఒకటి, బ్లేడ్లు నాలుగు ఉన్నాయి. సి సీసా నా దగ్గర ఉంది, గొట్టం కడుక్కుని వచ్చినవాళ్లకే ఇస్తాను.